పాట్సీ క్లైన్ రెండో ఆల్బమ్ ‘షోకేస్’: ఏ ప్రతి కొనాలి, అందులో ఏం వినాలి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: “‘క్రేజీ’ పాట విన్నాక పాట్సీ క్లైన్ మొదటి ఆల్బమ్ తెప్పించుకున్నాను. అందులో ఆ పాట లేదు, పాటల పోకడ కూడా వేరేగా ఉంది. ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ నా దగ్గర రెండు చోట్ల రెండు రకాలుగా వినిపిస్తోంది. ఏది అసలుది? ఎల్పీ కొనాలంటే మోనో తీసుకోవాలా, స్టీరియోనా?”

సూటి జవాబు ముందు, కారణాలు తర్వాత. మీకు కావలసింది ఈ అమెరికన్ కంట్రీ (అక్కడి పల్లె సంగీతం) గాయని రెండో ఆల్బమ్ ‘షోకేస్’. డెక్కా కంపెనీ 1961 నవంబర్ 27న విడుదల చేసింది. మోనో (రెండు వైపులా ఒకే శబ్దం) నంబరు డీఎల్ 4202, స్టీరియో (ఒక్కో వైపు వేరే శబ్దం) నంబరు డీఎల్ 74202. ‘క్రేజీ’, ‘ఐ ఫాల్ టు పీసెస్’ రెండూ ఉన్నది ఇందులోనే. ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’ రెండు రికార్డింగులూ అసలువే, రెండూ ఆవిడ పాడినవే: ఒకటి 1956లో పాడింది, రెండోది 1961లో ఈ ఆల్బమ్ కోసం మళ్లీ పాడింది. మోనోనా స్టీరియోనా అన్నదానికి ఒక్కమాటలో చెప్పాలంటే, 1961 నాటి నిజమైన స్టీరియో బాగుంటుంది, మోనో ఇంకాస్త గట్టిగా ఉంటుంది. ఈ రెండింటిలో ఏది తీసుకున్నా ఫరవాలేదు. మోనో రికార్డింగును సాగదీసి చేసిన దొంగ స్టీరియోని మాత్రం కొనకండి. దాన్ని ఎలా పట్టుకోవాలో కింద చెప్తాను.

ఇక మొదటి ఆల్బమ్ ఎందుకలా ఉందన్న సంగతి. 1957 ఆగస్టు 5న వచ్చిన ఆ ఆల్బమ్ పేరు కూడా ‘పాట్సీ క్లైన్’ అనే, నంబరు డీఎల్ 8611. గొంతులో లోపమేమీ లేదు. అప్పటికి ఆవిడకి ఇంకా పాతికేళ్లు నిండలేదు, అయినా పట్టు అప్పుడే ఉంది. ఇబ్బందంతా పాటల ఎంపికలో వచ్చింది. 1954లో ఆవిడ ఫోర్ స్టార్ అనే చిన్న కంపెనీతో ఒప్పందం చేసుకుంది. దాని యజమాని బిల్ మెకాల్. డెక్కా ఆ రికార్డింగులను అద్దెకు తీసుకుని అమ్మేదే తప్ప పాట్సీ డెక్కా గాయని కాదు. ఒప్పందంలో రెండు మెలికలున్నాయి. ఒకటి, ఆవిడకొచ్చే రాయల్టీ 2.34 శాతం, అప్పటి మామూలు రేటులో దాదాపు సగం. అసలు దెబ్బ రెండోది: ఫోర్ స్టార్ ప్రచురణ హక్కులున్న పాటలే పాడాలి. ఊళ్లో మంచి పాట రాసినవాళ్లు ఎంతమంది ఉన్నా, ఆ పాట వేరే ప్రచురణకర్త దగ్గరుంటే ఆవిడ దరిదాపులకు రాదు. 1955 నుంచి 1960 దాకా ఈ పద్ధతిలో 51 పాటలు రికార్డు చేసింది. వాటిలో నిజంగా జనంలోకి వెళ్లింది ఒక్కటే.

ఆ ఒక్కటే మీరడిగిన ‘వాకిన్ ఆఫ్టర్ మిడ్‌నైట్’. డాన్ హెక్ట్, అలన్ బ్లాక్ రాసిన ఈ పాట మొదట కే స్టార్ అనే పాప్ గాయని కోసం అనుకున్నది. పాట్సీకి అది నచ్చలేదు, ఇది కంట్రీ పాట కాదు పొమ్మంది. 1956 నవంబర్‌లో రికార్డు చేశారు. 1957 జనవరి 21న ఆర్థర్ గాడ్‌ఫ్రీ టీవీ ప్రతిభా పోటీలో పాడి గెలిచింది. ఆ ఊపులో సింగిల్ (ఒక్కో వైపు ఒక్కో పాట ఉండే చిన్న రికార్డు) విడుదలైతే కంట్రీ హిట్ పాటల పట్టికలో 2వ స్థానానికి, పాప్ పట్టికలో 12వ స్థానానికి ఎక్కింది. తనకు నచ్చని పాటే తనని నిలబెట్టడం ఆవిడ విషయంలో ఇంకో రెండుసార్లు జరుగుతుంది. ఆ హిట్ చల్లారకముందే ఆల్బమ్ తెచ్చారు. కానీ మిగతా పదకొండు పాటలూ ఫోర్ స్టార్ గంపలోంచి ఏరినవే. కొంత రాకబిల్లీ (రాక్, కంట్రీ కలిసిన బాణీ), కొంత సువార్త గీతాల ఛాయ, కొంత పాప్. వాటిలో ‘త్రీ సిగరెట్స్ ఇన్ యాన్ ఆష్‌ట్రే’ ఒక్కటి తప్పకుండా వినండి. నాలుగేళ్ల తర్వాత వచ్చే పాట్సీ అందులో తొంగిచూస్తుంది.

ఇక్కడో పోలిక గమనిస్తే ‘షోకేస్’ విలువ తెలుస్తుంది. 1956లో ఆ హిట్ రికార్డయిన స్టూడియో, 1961లో ‘క్రేజీ’ రికార్డయిన స్టూడియో ఒకటే. అమెరికాలోని నాష్‌విల్ నగరంలో 16వ అవెన్యూ సౌత్, 804 నంబరు ఇల్లు. ఓవెన్ బ్రాడ్లీ, ఆయన తమ్ముడు హెరాల్డ్ బ్రాడ్లీ ఆ ఇల్లు కొని, వెనక సైన్యంవాళ్లు వాడే అర్ధగోళపు రేకుల షెడ్డు ఒకటి నిలబెట్టారు. దాన్నే ‘క్వాన్‌సెట్ హట్’ అంటారు. ఇప్పుడు మ్యూజిక్ రో అని పిలిచే వీధికి తొలి స్టూడియో అదే. రెండుసార్లూ రికార్డింగు నడిపించినవాడు ఓవెన్ బ్రాడ్లీయే. వాయించినవాళ్లలో కూడా పాత ముఖాలు చాలానే ఉన్నాయి. మారినవి రెండే: 1960లో ఫోర్ స్టార్ ఒప్పందం ముగిసి ఆవిడ నేరుగా డెక్కాలో చేరడంతో ఏ పాటైనా పాడే స్వేచ్ఛ వచ్చింది, 1958 నుంచి డెక్కా నాష్‌విల్ శాఖకు అధిపతి అయిన బ్రాడ్లీకి ఆ స్వేచ్ఛను వాడుకునే అధికారం వచ్చింది. రెండు ఆల్బమ్‌ల మధ్య నాలుగేళ్లు ఎందుకు పట్టాయో, రెండింటి మధ్య ఇంత తేడా ఎందుకో దీన్నిబట్టే అర్థమవుతుంది. ‘నాష్‌విల్ సౌండ్ (కంట్రీకి పాప్ మెత్తదనం అద్దిన పద్ధతి) వచ్చి ఆవిడ గొంతును మార్చింది’ అని రాసేవాళ్లు ఈ ఒప్పందం సంగతి చదవనివాళ్లే.

డెక్కాలో చేరాక తొలి రికార్డింగు సెషన్ 1960 నవంబర్ 16న. అందులో వచ్చింది ‘ఐ ఫాల్ టు పీసెస్’. హ్యాంక్ కాక్రన్, హార్లన్ హోవర్డ్ కలిసి రాసిన ఈ పాటను అంతకుముందు బ్రెండా లీ వద్దంది, మరీ కంట్రీగా ఉందని. రాయ్ డ్రస్కీ వద్దన్నాడు, ఇది ఆడవాళ్లు పాడే పాటని. పాట్సీకీ పెద్దగా నచ్చలేదు. పైగా వెనక జోర్డనేర్స్ నలుగురూ పాడతారని తెలిసి, వాళ్ల గొంతుల్లో తన గొంతు మునిగిపోతుందేమోనని భయపడింది. ఎల్విస్ ప్రెస్లీ వెనక పాడింది వీళ్లే. 1961 జనవరి చివర్లో విడుదలైన ఈ సింగిల్ మెల్లమెల్లగా పైకి పాకి ఆగస్టుకి గానీ కంట్రీ పట్టికలో 1వ స్థానం చేరలేదు. పాప్‌లో మళ్లీ 12.

ఈ పాటను హెడ్‌ఫోన్స్‌లో వినండి, ఒక్కోసారి ఒక్కో వాయిద్యం మీదే మనసు పెట్టి. మొదట కింది స్వరాలు పట్టుకోండి. బాబ్ మూర్ నిలువు బాస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగవాయిద్యం) వాయిస్తున్నాడు. దానికి అతుక్కుని ‘టిక్ టిక్’మని పొడిగా ఇంకో శబ్దం వినబడుతుంది. అది హెరాల్డ్ బ్రాడ్లీ ఆరు తీగల ఎలక్ట్రిక్ బాస్. తీగలను అరచేతి అంచుతో కాస్త అదిమి పట్టుకుని, ప్లాస్టిక్ ముక్కతో మీటుతూ, నిలువు బాస్ వేసే స్వరాలనే వేస్తాడు. నాష్‌విల్‌లో దీన్ని ‘టిక్-టాక్ బాస్’ అంటారు. అప్పటి చిన్న రేడియోలు, కారు స్పీకర్లలో నిలువు బాస్ లోతు వినబడేది కాదు. ఈ పొడి శబ్దం తోడైతే బాస్ నడక స్పష్టంగా తెలిసేది. ఇవాళ ఫోన్ స్పీకర్లో విన్నా ఆ పాట నడక మాయం కాకపోవడానికి కారణం ఇదే. తర్వాత బడ్డీ హార్మన్ డ్రమ్స్ వినండి. నెమ్మదిగా ఊగే షఫుల్, ఎక్కడా బాదుడు ఉండదు. ఆ తర్వాత బెన్ కీత్ స్టీల్ గిటార్ (తీగల మీద లోహపు కడ్డీ జార్చి వాయించేది). పాట వాక్యం ముగిసిన ఖాళీలోనే అది పలుకుతుంది, ఆవిడ పాడుతున్నప్పుడు తప్పుకుంటుంది. చివరికి జోర్డనేర్స్. వాళ్లు కూడా ఆ ఖాళీల్లోనే. ఆవిడ భయం అనవసరమని బ్రాడ్లీ తేల్చింది ఇలా చోటు పంచి. వాయిద్యాలు ఎన్నున్నాయన్నది కాదు, ఏది ఎప్పుడు ఊరుకుంటుందన్నది చూడాలి.

వయొలిన్ల గుంపు ఉంటేనే నాష్‌విల్ సౌండ్ అని చాలామంది అనుకుంటారు. ‘ఐ ఫాల్ టు పీసెస్’లోగానీ ‘క్రేజీ’లోగానీ ఒక్క వయొలిన్ లేదు. ఆ మెత్తదనమంతా పియానో, గొంతులు, ఎకోలోంచి వచ్చింది.

‘క్రేజీ’ కథ చాలామందికి తెలుసు గానీ వివరాల్లో తప్పులు దొర్లుతుంటాయి. 1961 జూన్ 14న పాట్సీ నాష్‌విల్‌లో కారు ప్రమాదంలో తీవ్రంగా గాయపడింది. ఎదురద్దానికి తల కొట్టుకుని నుదురు చీలింది, తుంటి తొలగింది, మణికట్టు విరిగింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉంది. ఆగస్టు 21న చంకకర్రల మీద స్టూడియోకి వచ్చింది. పాట రాసినవాడు అప్పటికి పెద్దగా పేరులేని విల్లీ నెల్సన్. అతని డెమోలో (నమూనా రికార్డింగులో) పాట తాళానికి వెనకవెనకగా, సగం మాట్లాడుతున్నట్టు సాగుతుంది. ఆవిడ అదే పద్ధతి పట్టుకోబోయి విసిగిపోయింది. నీ పద్ధతిలోనే పాడమని బ్రాడ్లీ అన్నాడు. అయినా పక్కటెముకల నొప్పితో పై స్వరాలు నిలబడలేదు.

అప్పట్లో ఒక సెషన్ అంటే మూడు గంటలు, అందులో మూడు నాలుగు పాటలు అయిపోవాలి. ఆ రోజు నాలుగు గంటలు ఒక్క పాట మీదే పోయాయి. చివరికి వాయిద్యాల వరకు టేపు మీద భద్రపరిచి ఆవిడని ఇంటికి పంపారు. కొన్నాళ్లకు తిరిగొచ్చి ఆ టేపు మీద గొంతు కలిపింది, ఒక్క టేక్‌లోనే అంటారు. గాయని, వాయిద్యకారులు ఒకే గదిలో ఒకేసారి కానిచ్చెయ్యడం అప్పటి మామూలు పద్ధతి, మద్రాసు స్టూడియోల్లో మన సినిమా పాటలకు జరిగినట్టే. కాబట్టి ‘క్రేజీ’ ఆ రోజుల్లో మినహాయింపు. సెషన్‌లో ఫ్లాయిడ్ క్రేమర్ పియానో, బిల్ పర్సెల్ ఆర్గన్, బాబ్ మూర్ బాస్, హెరాల్డ్ బ్రాడ్లీ ఆరు తీగల బాస్, బడ్డీ హార్మన్ డ్రమ్స్, వెనక జోర్డనేర్స్. విడుదలయ్యాక కంట్రీలో 2, పాప్‌లో 9. ఆవిడ పాప్ పట్టికలో తొలి పదిలోకి చేరిన పాట ఇదే.

క్రేమర్ పియానోలో ఒక చిన్న పని వినండి. అసలు స్వరానికి పక్కనున్న స్వరం ముందు తగిలించి, వెంటనే దానిలోకి జారతాడు. ‘స్లిప్ నోట్’ అంటారు. స్టీల్ గిటార్ జారుడిని పియానో మెట్ల మీద అనుకరించడం అన్నమాట. మనకిది గమకంలా తోస్తుంది, కానీ గమకమంత సాగదు, తగిలీ తగలనట్టు ఉంటుంది.

‘క్రేజీ’ని మన పల్లవి, చరణం లెక్కలో వెతికితే దొరకదు. ఒక భాగం, మళ్లీ అదే బాణీలో ఇంకో భాగం, తర్వాత వేరే బాణీలో ఒక మలుపు, తిరిగి మొదటి బాణీ. న్యూయార్క్ పాప్ పాటల అచ్చు ఇది. పల్లవికి తిరిగి రావడం అనేదే లేదు, మొదటి బాణీయే పల్లవి పని చేస్తుంది. మొదటి మాటే పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకుతుంది. గాయకులు తడబడేది అక్కడే: పై స్వరాన్ని గట్టిగా కొట్టి దిగితే అరుపవుతుంది, మెత్తగా మొదలుపెడితే కింది స్వరంలో ఊపిరి మిగలదు. పాట్సీ పై స్వరాన్ని పూర్తి గొంతుతో పట్టి, దిగేటప్పుడు మాత్రం వదులుతుంది. చివర్లో శృతి అర మెట్టు పైకి లేస్తుంది. పాడబోయేవాళ్లు ఆ పై శృతిలో తమకు అందుతుందో లేదో ముందే చూసుకుని, దాన్నిబట్టి మొదటి శృతి ఎంచుకోవాలి. మొదలు సుఖంగా ఉందని మొదలెట్టి చివర్లో ఇరుక్కుపోయేవాళ్లే ఎక్కువ.

ఈ వాయిద్యకారుల ముందు రాసిన స్వరలిపి ఉండేది కాదు. పాట ఒకసారి విని, కార్డుల (కలిపి పలికించే స్వరాల గుంపుల) వరస ఒక కాగితమ్మీద అంకెల్లో రాసుకునేవారు. ఆ అంకెల పద్ధతిని మొదట కట్టింది జోర్డనేర్స్‌లోని నీల్ మాథ్యూస్, 1950ల చివర్లో. సంగీతం కాస్త వచ్చిన తెలుగువాళ్లకు ఇది అరక్షణంలో అర్థమవుతుంది: 1 అంటే స మీద నిలిచే కార్డు, 4 అంటే మ మీద, 5 అంటే ప మీద. శృతి ఏదైనా అంకె మారదు, మన స ఏ శృతిలోనైనా స అయినట్టే. గాయని ‘ఇంకాస్త తగ్గించండి’ అంటే కాగితం మార్చనక్కర్లేదు. మామూలు కంట్రీ పాట చాలావరకు 1, 4, 5 లతోనే గడిచిపోతుంది. ‘క్రేజీ’ గడవదు. అందులో దారిలో తగిలే కార్డులు చాలా ఉన్నాయి, జాజ్ వాయించేవాళ్లు ఆ పాటను ఇష్టపడేది అందుకే.

ఈ రెండు హిట్లూ పక్కన పెడితే ఆల్బమ్‌లో మిగిలింది ఏమిటి? అప్పటి ఎల్పీల వంట ఇది: రెండు హిట్లు, వాటి చుట్టూ జనానికి ముందే తెలిసిన పాటలు. బాబ్ విల్స్ ‘శాన్ ఆంటోనియో రోజ్’, జీన్ ఆట్రీ పాడిన ‘సౌత్ ఆఫ్ ది బార్డర్’, 1956లో గోగీ గ్రాంట్‌కి పెద్ద హిట్టయిన ‘ది వేవర్డ్ విండ్’, కోల్ పోర్టర్ రాసిన సినిమా పాట ‘ట్రూ లవ్’, బక్ ఓవెన్స్ ‘ఫూలిన్ అరౌండ్’, ఫ్లాయిడ్ టిల్‌మన్ ‘ఐ లవ్ యూ సో మచ్ ఇట్ హర్ట్స్’. వీటిలో ఎక్కువ భాగం 1961 ఆగస్టులో, ‘క్రేజీ’కి కాస్త అటూ ఇటూ రికార్డయ్యాయి. అంటే గాయాలు ఇంకా మానని రోజుల్లో. అది తెలిసి వింటే కొన్ని పాటల్లో ఆవిడ గొంతు ఎందుకు మధ్య స్వరాల్లో ఎక్కువసేపు తిరుగుతుందో ఊహించవచ్చు. ఊహే, రుజువు కాదు. నా లెక్కలో ‘ఐ లవ్ యూ సో మచ్ ఇట్ హర్ట్స్’ ఆ రెండు హిట్లకు దీటుగా నిలబడుతుంది. ‘సౌత్ ఆఫ్ ది బార్డర్’ మాత్రం భర్తీ సరుకే.

ఇక రెండు ‘వాకిన్’లు. పాత రికార్డింగు హక్కు ఫోర్ స్టార్‌ది, కొత్తది డెక్కాది. ‘ఎ పూర్ మ్యాన్స్ రోజెస్’ కూడా అలాగే రెండుసార్లు పాడింది. తేడా పట్టుకోవడం తేలిక: 1956 దాంట్లో డాన్ హెల్మ్స్ స్టీల్ గిటార్ ముందుకొచ్చి పలుకుతుంది, వెనక మగగొంతుల బృందం లేదు, నిడివి రెండున్నర నిమిషాల పైచిలుకు. 1961 దాంట్లో జోర్డనేర్స్ ఉన్నారు, మొత్తం రెండు నిమిషాల్లోనే ముగుస్తుంది. 1956 దే మేలు. అందులో రాత్రిపూట ఒంటరిగా నడుస్తున్న మనిషి కనబడుతుంది. 1961 దాంట్లో తోడు నలుగురు నడుస్తున్నట్టుంటుంది.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇప్పుడు. డెక్కా లెక్క చాలా సులువు: మోనో నంబరుకు ముందు 7 చేరిస్తే స్టీరియో నంబరు. 4202 మోనో అయితే 74202 స్టీరియో. అట్ట మీద నంబరు చూసి ఊరుకోకండి, లోపల రికార్డు లేబుల్ మీద కూడా చూడండి. అట్ట ఒకటి, రికార్డు ఇంకొకటి అయిన ప్రతులు సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో మామూలే. లేబుల్ రంగు కాలాన్ని చెబుతుంది: 1950ల లేబుల్ నల్లది, మీద వెండి అక్షరాలు. 1960ల లేబుల్ కూడా నల్లదే గానీ మధ్యలో అడ్డంగా రంగురంగుల పట్టీ ఉంటుంది. కాబట్టి ‘షోకేస్’ తొలి ప్రతికి రంగుల పట్టీ ఉండాలి. 1957 ఆల్బమ్ మీద రంగుల పట్టీ ఉంటే అది తర్వాత అచ్చేసింది. 1973 నుంచి డెక్కా పేరు పోయి ఎంసీఏ వచ్చింది. ఆ లేబుల్ ఉంటే పునర్ముద్రణ, ధర ఆ మేరకు తక్కువ ఉండాలి.

దొంగ స్టీరియో సంగతి. స్టీరియో అమ్మకాలు పుంజుకున్నాక కంపెనీలు పాత మోనో టేపులను తీసుకుని, ఒక వైపు బరువు స్వరాలు, రెండో వైపు సన్న స్వరాలు ఎక్కువ చేసి, మధ్యలో కాస్త ఎకోనో ఆలస్యమో కలిపి ‘స్టీరియో’ అని అమ్మాయి. 1950ల పాటలున్న సంకలనాల్లో ఇది ఎక్కువ. అట్ట మీద ఎక్కడో చిన్న అక్షరాల్లో ‘ఎలక్ట్రానికల్లీ’, ‘రీప్రాసెస్డ్’ లాంటి మాట కనబడితే అదే. మాట లేకపోతే చెవితో పట్టండి: హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఒక వైపే వినండి, తర్వాత రెండో వైపు. నిజమైన స్టీరియోలో ఒక్కో వైపు ఒక్కో వాయిద్యం గట్టిగా వినబడుతుంది, గొంతు నడిమధ్యన నిలబడుతుంది. దొంగదాంట్లో రెండు వైపులా అవే వాయిద్యాలు, ఒకటి మూసుకుపోయినట్టు, ఇంకొకటి రేకు డబ్బాలోంచి వచ్చినట్టు. గొంతు ఎక్కడుందో తేలదు. 1957 ఆల్బమ్‌కి మోనోయే సహజం, దానికి స్టీరియో అని రాసి ఉంటే అనుమానించండి.

మోనో రికార్డు ఆడించేటప్పుడు ఒక చిన్న పని చేస్తే చిటపటలు సగానికి తగ్గుతాయి. మోనో గాడిలో పాట పక్కలకు మాత్రమే కదులుతుంది. దుమ్ము, గీతలు మాత్రం ముల్లును పైకీ కిందికీ కూడా ఎగరేస్తాయి. ఆంప్లిఫయర్ మీద ‘మోనో’ మీట ఉంటే నొక్కండి. ఆ పైకిందుల రొద రెండు ఛానెళ్లలో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటుంది. 1950ల మోనో గాడులు దాదాపు 25 మైక్రాన్ల ముల్లు కోసం కోసినవి. ఇప్పటి 18 మైక్రాన్ల స్టీరియో ముల్లుతో ఆడించినా పాడుకావు, కానీ అది గాడిలో కాస్త లోతుగా కూర్చుంటుంది. పాత ముళ్లు అరగదీసిన చోటుకి కిందనో ఏమో, ఒక్కోసారి అదే మేలవుతుంది, ఒక్కోసారి అడుగు దుమ్మంతా వినిపిస్తుంది. తిరగేసి చేయకూడని పని ఒకటుంది: స్టీరియో రికార్డును పాతకాలపు మోనో పెట్టె గ్రామఫోన్ మీద పెట్టకండి. దాని ముల్లు నిలువుగా కదలదు, బరువూ ఎక్కువ, గాడిని దున్నేస్తుంది. మామూలు కార్ట్రిడ్జ్‌కి (ముల్లు అమర్చిన భాగానికి) ముల్లు బరువు ఒకటిన్నర నుంచి రెండు గ్రాముల మధ్య ఉంటుంది. తయారీదారు చెప్పిన పరిధిలో పై అంచుకి దగ్గరగా పెట్టండి. బరువు తగ్గిస్తే రికార్డుకి మంచిదనుకోవడం పొరపాటు, తేలిన ముల్లు గాడి గోడల్ని కొడుతుంది.

అమెరికా నుంచి తెప్పించుకున్న అట్టలకు మన కోస్తా తేమ పడదు. బూజు ముందు లోపలి కాగితపు సంచికి పడుతుంది, అక్కణ్నుంచి రికార్డుకి. రాగానే పాత కాగితం తీసేసి కొత్త లోపలి సంచి వెయ్యండి, నిలబెట్టి పెట్టండి, ఎండ తగిలే గోడకి దూరంగా. ఎండలో నిలిపిన కారులో ఒక మధ్యాహ్నం వదిలేస్తే రికార్డు వంకర తిరగడానికి చాలు.

సంకలనాల దగ్గర మోసపోవడం ఇంకా తేలిక. ఫోర్ స్టార్ ఆ 51 పాటలనూ ఎన్నో చవక కంపెనీలకు ఇచ్చింది. అందుకే ‘హిట్స్’ అని పేరుపెట్టి, ‘వాకిన్’ ఒక్కటి తప్ప మీకు తెలిసిన పాటేదీ లేని సీడీలు అన్నేసి కనబడతాయి. పాటల జాబితాలో ‘క్రేజీ’, ‘షీజ్ గాట్ యూ’ లేకపోతే అది ఫోర్ స్టార్ సరుకని గుర్తు. రెండో ఉచ్చు చనిపోయాక చేసిన మార్పులు. 1963 మార్చి 5న ఆవిడ విమాన ప్రమాదంలో పోయింది, ముప్ఫయ్యేళ్లకే. మూడు ట్రాకుల టేపుల మీద గొంతు విడిగా ఉండటంతో తర్వాతి రోజుల్లో దాన్ని ఊడదీసి కొత్త వాయిద్యాలకు అతికించారు. 1980 నాటి ‘ఆల్వేస్’ అలాంటిదే. 1981లో అప్పటికే లేని కంట్రీ గాయకుడు జిమ్ రీవ్స్ గొంతుతో కలిపి యుగళగీతాలూ చేశారు. 1985 ‘స్వీట్ డ్రీమ్స్’ సినిమా పాటల్లో కూడా గొంతు పాతది, వెనక వాయిద్యం కొత్తది. చెడ్డవని కాదు, పైన చెప్పిన టిక్-టాక్ బాస్, స్లిప్ నోట్ వినాలని వీటిని కొంటే దొరకవు.

స్ట్రీమింగ్‌లో ఈ గందరగోళం ఇంకా ఎక్కువ. యూరప్‌లో 1962 దాకా విడుదలైన రికార్డింగులకు యాభై ఏళ్ల గడువు తీరిపోయింది, కాబట్టి ఎవరు పడితే వాళ్లు ఎక్కిస్తారు, ఎల్పీ ఆడించి నకలు తీసుకున్నవి కూడా. మన దేశంలో రికార్డింగు హక్కు విడుదలైన తర్వాతి సంవత్సరం మొదలు 60 ఏళ్లు. అమెరికాలో మాత్రం ఈ కాలపు రికార్డింగులకు 2067 ఫిబ్రవరి దాకా రక్షణ ఉంది. అందుకే ఒక దేశంలో వినబడేది ఇంకో దేశంలో మాయమవుతుంది. ఇది రికార్డింగు సంగతే. పాట రాసినవాళ్ల హక్కు వేరు. మీరు ‘క్రేజీ’ పాడి వీడియో పెడితే రికార్డింగు మీదే అయినా పాట మీది కాదు.

వరసగా వినాలనుకుంటే 1991లో ఎంసీఏ తెచ్చిన నాలుగు సీడీల ‘ది పాట్సీ క్లైన్ కలెక్షన్’ వెతకండి, పాటలు రికార్డయిన క్రమంలో ఉంటాయి. అది దొరక్కపోతే ఈ క్రమంలో: 1956 ‘వాకిన్’, ‘త్రీ సిగరెట్స్’, ఆ తర్వాత నేరుగా ‘షోకేస్’ మొదటి వైపు, రెండో వైపు, చివర్న 1962 ఆగస్టులో వచ్చిన మూడో ఆల్బమ్ ‘సెంటిమెంటల్లీ యువర్స్’. ఆవిడ బతికుండగా వచ్చిన స్టూడియో ఆల్బమ్‌లు ఈ మూడే. అమెరికాలో ఉన్నవాళ్లయితే నాష్‌విల్ థర్డ్ అవెన్యూ సౌత్‌లో జానీ క్యాష్ మ్యూజియం పై అంతస్తులో పాట్సీ క్లైన్ మ్యూజియం ఉంది, వర్జీనియాలోని విన్‌చెస్టర్‌లో సౌత్ కెంట్ స్ట్రీట్ 608 నంబరులో ఆవిడ కొన్నేళ్లు ఉన్న ఇల్లూ చూడనిస్తారు. వెళ్లేముందు వేళలు చూసుకోండి.